మొదటి కుట్టు ఎవరు వేయాలి

నాకు సంతకం పెట్టడం వచ్చు. అంతకుమించి అక్షరం రాదు. అందుకని నోటితో చెబుతున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు. వరుస తప్పితే నన్ననండి, వాళ్ళను అనకండి.

నేను బొంతలు కుడతాను. ఛత్తీస్‌గఢ్‌లో, భిలాయి స్టీలు ప్లాంటు దగ్గర క్యాంప్ 1 సందుల్లో మా ఇల్లు. ఇక్కడి చలి మా శ్రీకాకుళం చలి కాదు. గోడలోంచి వస్తుంది, నేలలోంచి వస్తుంది. అందుకే ఇక్కడ పాత చీరలు ఎవరూ పారేయరు, నా దగ్గరికి తెస్తారు. చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, పైన రంగు ముక్కలు పేర్చి, పాత ప్లాంటు చొక్కాల గట్టి గుడ్డతో అంచు వేసి, దగ్గర దగ్గరగా కుడితే బొంత అవుతుంది. హిందీవాళ్ళు గుదడీ అంటారు. ఎవరేమన్నా పని ఒకటే. నడిమధ్య మొదలుపెట్టి నాలుగు పక్కలకూ పోవాలి. అంచు నుంచి మొదలుపెడితే గుడ్డ ముడత పడుతుంది, ఆ ముడత ఇక జన్మలో పోదు.

మావైపు ఒక పద్ధతి ఉంది. బొంతకు మొదటి కుట్టు ముత్తైదువ వేయాలి. బొంత కింద కొత్త జంట పడుకుంటుంది, బాలింత పడుకుంటుంది, పసిబిడ్డ పడుకుంటుంది. భర్త పోయినదాని చేత్తో మొదలైన బొంత వాళ్ళ మీద పడకూడదంటారు. మా అమ్మ అనగా విన్నాను, మా అత్త అనగా విన్నాను. మా ఆయన ఉన్నన్నాళ్ళూ అది నాకు తగిలే మాట కాదు, ఇంకెవరికో. ఆయన ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాడు. ఒక పొద్దున డ్యూటీకి పోతూ టీ గ్లాసు పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. గ్లాసు జారింది. మనిషీ జారాడు. అంతే.

కొన్నాళ్ళకు పెళ్ళి బొంత పని ఒకటి వచ్చింది. గుడ్డలు పరిచాను. సూదికి దారం ఎక్కించాను. చెయ్యి కిందకు దిగలేదు. వద్దని ఎవరూ అనలేదు, అసలు గదిలో నేను తప్ప ఎవరూ లేరు. అయినా దిగలేదు. అప్పుడే పక్కింటి వదిన చింతపండు కోసం వచ్చింది. మాకు చుట్టరికం లేదు. ఆమెది విజయనగరం వైపు. ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాం కాబట్టి వదినలమయ్యాం. నన్ను చూసింది, సూదిని చూసింది, ఏమీ అడగకుండా చతికిలబడింది.

“ఏటే ఒదినా, బొమ్మనాగ కూకున్నావు? ఇలగియ్యి,” అని సూది లాక్కుని నడిమి వరుస గబగబా కుట్టేసింది. కుట్టి, గట్టిగా నవ్వింది. “మా ఆయన తాగొచ్చి ఈదంతా లేపుతాడు. మొన్న నా మీదకి సెంబు ఇసిరాడు. అయినా ఆడు బతికున్నాడు గదా, నా సెయ్యి మంచిదంట! ఆడికి నూరేళ్ళూ నిండాల, నీ దారం ఆగకూడదు.”

అప్పటినుంచి ప్రతి బొంతకూ నడిమి వరుస వదినది, మిగతాదంతా నాది. ఎవరికీ చెప్పలేదు. దాచిందీ లేదు. ఉప్పు అడిగినట్టు అడిగేదాన్ని, ఆమె వచ్చి కుట్టి పోయేది.

కుట్టినవి బజారులో రోడ్డు పక్కన పరిచి అమ్మేదాన్ని. అక్కడ నాకు బండి భయం. రోడ్డు ఖాళీ చేయించే మునిసిపాలిటీ బండి వస్తుంది, అందినదల్లా ఎత్తుకుని పోతుంది. కూరగాయలవాడు బుట్ట నెత్తికెత్తుకుని పరుగెత్తగలడు. బొంతలు ఎత్తుకుని నేనెక్కడ పరుగెత్తను? వానలకు ముందు ఒకసారి ఉన్నవన్నీ పోయాయి. ఆ తరువాత ఏ లారీ గేరు మార్చినా బొంతలన్నీ ఒళ్ళోకి లాక్కునేదాన్ని. ఒక చేత్తో బేరం చేస్తూ, ఒక చెవి రోడ్డు మీద పెట్టుకుని బతకడం ఎలా ఉంటుందో బతికినవాళ్ళకే తెలుసు.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి పురిటికి వచ్చింది. నాకు ఒక్కతే కూతురు. పక్క ఊరు దుర్గ్‌లో ఇచ్చాం. ఇక్కడే పుట్టింది, ఇక్కడే చదివింది, తెలుగులో సగం హిందీ కలుపుతుంది. ఫోనులో చూసి అదే నాకు ఈ సంగతి చెప్పింది. ఈ చుట్టుపక్కల జిల్లాల చేతిపనివాళ్ళకు ఒక సంఘం ఉందట. అడిగినవాళ్ళందరినీ చేర్చుకోరట. జ్యూరీ అని కొందరు పెద్దలు కూర్చుని మన పని చూస్తారు, వాళ్ళు సరే అంటేనే సభ్యత్వం. సభ్యత్వం వస్తే వాళ్ళ మేళాలో మనకంటూ ఒక చోటు ఇస్తారు, వాళ్ళ దుకాణంలో మన సరుకు పెడతారు, ప్రతి వస్తువు మీదా సంఘం గుర్తు కుట్టుకోవచ్చు.

“ఒక్కసారి జ్యూరీ పాసయిపో అమ్మా. ఫిర్ కోయీ నహీ హటాయేగా,” అంది.

ఎవరూ లేపరు అన్న ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ రోజంతా దాన్నే నమిలాను.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. మా అమ్మాయికి ఇది మొదటి కడుపు కాదు. అంతకుముందు ఒకటి నిలబడలేదు. ఐదో నెల దాటాక పోయింది. అప్పుడు బిడ్డ కోసం నేను ముందుగానే ఒక చిన్న బొంత కుట్టి పెట్టుకున్నాను. మా అమ్మాయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, దాని అత్తగారు ఆ బొంతను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, “ఇది ఎవులు మొదలెట్టారు?” అని అడిగింది. అంతే అడిగింది. మొదలుపెట్టింది వదినే. ఆ మాటే చెప్పాను. ఆవిడ నమ్మినట్టు తల ఊపింది. నమ్మలేదు. నమ్మించడానికి నా దగ్గర ఏముంది?

అందుకని ఈసారి నేను పసిబిడ్డ గుడ్డలేమీ ముట్టుకోలేదు. కూతురి కడుపు మీద చెయ్యి కూడా వేసేదాన్ని కాదు. అది నా చెయ్యి లాక్కుని పెట్టుకునేది, “దేఖో, తంతున్నాడు” అని. తన్ను తెలిసేది. వెంటనే చెయ్యి తీసేసేదాన్ని.

జ్యూరీ కూర్చునే చోటు నెహ్రూ నగర్‌లో ఒక హాలు. షేర్ ఆటోలో వదిన కూడా నాతో వచ్చింది. పట్టుచీర కట్టింది, రూపాయంత బొట్టు పెట్టింది. “నీకు కాదే జ్యూరీ, నాకే అనుకుంటారు సూడు,” అని దారి పొడవునా నవ్వించాలని చూసింది. నా ఒళ్ళో మూడు బొంతలు. నవ్వు రాలేదు. ఏమైనా కుట్టి చూపించమంటే వదిన ఉంది, నడిమి వరుస వేసిస్తుంది, ఆపైన నాకు భయం లేదు. నా ధైర్యమంతా అదే.

గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నవాడు ఆపేశాడు. పేరు ఇచ్చినవాళ్ళకే లోపలికి, వెంట వచ్చినవాళ్ళు బయటే అన్నాడు.

“భయ్యా, హమ్ దోనో ఏక్ హై,” అంది వదిన, మేమిద్దరం ఒకటేనని.

“దో దిఖ్ రహే హై,” అన్నాడు వాడు, ఇద్దరు కనబడుతున్నారే అని.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను ఒక్కదాన్నే లోపలికి పోయాను.

లోపల పొడుగు బల్ల వెనక ఇద్దరు. ఒకావిడ కళ్ళజోడు పెట్టుకుంది, జుట్టు చిన్నగా కత్తిరించుకుంది, ఎక్కడో కాలేజీలో పాఠాలు చెబుతుందట. రెండో ఆయన ముసలాయన. లోహం కరిగించి బొమ్మలు పోత పోస్తాడట, ఆయన వేళ్ళ నిండా పాత కాలిన మచ్చలు. నా వంతు వచ్చేదాకా గోడకు ఆనుకుని నిలబడి చూశాను. వెదురుబుట్టల ఆవిడను ఊరికే రెండు మాటలు అడిగి పంపేశారు. ఒక కుర్రాడి చెక్కబొమ్మను తిప్పి తిప్పి చూసి, “ఇది మిషను పని” అని వెనక్కి ఇచ్చేశారు. ఆ కుర్రాడు బొమ్మను సంచిలో పెట్టుకోవడం మరిచిపోయి చంకలో పెట్టుకుని పోయాడు.

వాళ్ళు హిందీలో మాట్లాడారు, నేను తెలుగులో చెబుతున్నాను.

ముసలాయన నా బొంతలను బోర్లా తిప్పాడు. పై రంగులు చూడనే లేదు. వెనక వైపు బొటనవేలితో వరుస వెంట వరుస తడుముకుంటూ పోయాడు. మొదటి బొంత నడుమ వేలు ఆగింది. రెండోదాని నడుమ ఆగింది. మూడోది పరిచి, తిన్నగా నడుమే చెయ్యి పెట్టాడు.

“బహన్‌జీ, ఈ వరుస మీది కాదు.”

వేలు అక్కడే ఉంచాడు.

“మీ కుట్టు పొట్టి. ఒత్తుగా ఉంది, బాగుంది. ఇది పొడుగు. దారం వదులు. మూడింటిలోనూ ఇదే చెయ్యి.”

కళ్ళజోడు మేడమ్ నావైపు తిరిగింది. “సగం కుట్టినవి ఎక్కడైనా కొని తెస్తారా మాతాజీ? దాచకండి. అలా వచ్చేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ సభ్యత్వం అంటే మొదటి నుంచి చివరిదాకా ఒకే చేతి పని. మేళాలో కొనేవాళ్ళు మా గుర్తు చూసి నమ్మేది అదే.”

“నేనే కుట్టానమ్మా,” అన్నాను. నా మాట నాకే దొంగమాటలా వినిపించింది.

“సరే. గుడ్డ ఇస్తాం, దారం ఇస్తాం. ఇక్కడ కూర్చుని మొదలుపెట్టండి.”

చాప వేశారు. దిండుగలేబు అంత గుడ్డ రెండు పొరలు ఇచ్చారు. కూర్చున్నాను. సూదికి దారం ఎక్కించాను. అప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, గుడ్డను ఎదర పరిచి, సూది దాని మీద అడ్డంగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వదిన కోసం. ఇన్నేళ్ళ అలవాటు. గుడ్డ పరవడం, సూది పెట్టడం, ఎదురుచూడడం. కాసేపటికి గుర్తొచ్చింది, వదిన బయట ఉంది, లోపలికి రాదు అని.

హాలంతా నన్నే చూస్తోంది. సూది తీసుకున్నాను. గుడ్డ దాకా తెచ్చాను. ఇంటి దగ్గర మంచం మీద కూతురు కళ్ళలో కదిలింది, దాని కడుపు కదిలింది. ఏడో నెల నిండి ఎనిమిదోది నడుస్తోంది. నేను ఇక్కడ ఈ గుడ్డలో సూది దింపితే అక్కడ ఏమవుతుందో. ఏమీ కాదని ఎవరైనా చెప్పొచ్చు. చెప్పేవాళ్ళ కూతురు కాదు అది. సూది జారి చాప సందులో పడింది. వెతుక్కుంటున్నట్టు తల దించుకున్నాను.

“మాతాజీకి కుట్టడం రాదు సార్,” అన్నారెవరో వెనక నుంచి.

మేడమ్ గడియారం చూసుకుంది. “తరువాతి వాళ్ళను పిలవండి.”

ముసలాయన చెయ్యి అడ్డం పెట్టాడు. “భోజనం తరువాత రండి బహన్‌జీ. నీళ్ళు తాగండి. గుడ్డ మీ దగ్గరే ఉంచుకోండి.”

బయట మెట్ల మీద వదిన పులిహోర డబ్బా తెరిచి కూర్చుని ఉంది. నా మొహం చూసి డబ్బా మూసేసింది. జరిగింది చెప్పాను.

“ఓసినీ, ఇంతేనా! ఇలగియ్యి ఆ గుడ్డ. ఒక్క వరస ఏసిస్తాను, బేగి ఎల్లి మిగతాది కుట్టుకో. ఎవులు సూసొచ్చారు?”

గుడ్డ ఇవ్వబోయాను. నిజంగానే ఇవ్వబోయాను. అప్పుడే ఫోను మోగింది. మా అమ్మాయి.

“అమ్మా, హో గయా క్యా?”

“ఇంకా లేదు. నువ్వెలా ఉన్నావు? లోపల తిరుగుతున్నాడా?”

“పొద్దున్నుంచి అంతగా తిరగట్లేదు. సో రహా హోగా, నిద్రపోతున్నాడేమో. నువ్వు టెన్షన్ మత్ లో.”

ఫోను పెట్టేసింది. టెన్షన్ తీసుకోవద్దట. మెట్టు మీద కూర్చున్నాను. వదిన చేతిలోకి గుడ్డ పోయింది, ఆమె సూది ఎత్తింది, అంతలో ఆమే ఆగింది. ఎప్పుడూ ఆగని మనిషి.

“కాదే ఒదినా. ఆ ముసిలాయన ఏలితో తడిమి సూస్తాడన్నావు గదా. నాదని పట్టీసుకుంటాడు. అప్పుడు దొంగ అని గెంటేస్తారు.” గుడ్డ నా ఒళ్ళో పెట్టేసింది. “నువ్వేస్తే ఒక భయం, నానేస్తే ఇంకో భయం. ఏ భయం మొయ్యగలవో నువ్వే సూసుకో. నాను సెప్పలేను తల్లీ.”

రోడ్డు మీద లారీ ఒకటి గేరు మార్చింది. నేను ఉలిక్కిపడి ఒళ్ళో గుడ్డను గుండెకు హత్తుకున్నాను, ఎవరో లాక్కుపోతారన్నట్టు. అప్పుడు నాకు ఒకటి తోచింది. పోయినసారి మొదలుపెట్టింది వదిన. బొట్టున్న మనిషి, గాజులున్న చెయ్యి. అయినా బిడ్డ నిలవలేదు. ఇది ధైర్యం కాదు, చెబుతున్నాను వినండి. కాపాడుతుందనుకున్న చెయ్యి కూడా కాపాడదని తెలియడం ఇంకా పెద్ద భయం. కాకపోతే ఆ భయంలో రెండు చేతులూ ఒకటే అయిపోయాయి.

లోపలికి పోయాను. చాప మీద కూర్చున్నాను. కళ్ళు మూసుకుని, పెదవులు కదలకుండా మొక్కుకున్నాను: ఈ ముక్క నాది. ఇది ఎవరికీ ఇవ్వను. దీన్ని నేనే కప్పుకుంటాను, దీని మంచీ చెడూ నా మీదే పడాలి. మొక్కుకుని నడిమధ్య సూది దింపాను.

ఏమీ కాలేదు. పైకప్పు మీద ఫ్యాను తిరుగుతోంది, అలాగే తిరిగింది. రెండో కుట్టు వేశాను. ఆ తరువాత చెయ్యి దానంతటది పోయింది. చెమట కళ్ళలోకి కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ కుట్టాను. ముసలాయన వచ్చి పక్కన గొంతుకూర్చున్నాడు. బోర్లా తిప్పాడు, వేలితో తడిమాడు. ఎక్కడా ఆగలేదు.

“ఇదే ఆ చెయ్యి,” అన్నాడు మేడమ్‌తో. “మిగతా పనంతా ఈవిడదే.”

“మరి పొద్దున ఎందుకు కుట్టలేదు?” అని మేడమ్ నన్ను అడిగింది.

“భయమేసిందమ్మా.”

“మమ్మల్ని చూసి భయమెందుకు?”

వాళ్ళను చూసి కాదని ఎలా చెప్పను? తల ఊపాను. ఇకమీదట అన్నీ మొదటి కుట్టు నుంచి మీ చేతివే కావాలి, మధ్యలో వచ్చి చూస్తాం అంది. సరే అన్నాను. పాసయ్యారు అంది. నాకు ఆ మాట చెవిలో పడలేదు, ఎందుకంటే ఆమె నేను కుట్టిన ముక్కను తీసి ఒక కవరులో వేసి అంటించేసింది.

“అమ్మా, అది నాది.”

“జ్యూరీ ముందు చేసిన పని సంఘం దగ్గరే ఉంటుంది మాతాజీ. అందరిదీ అంతే.”

“వేరేది కుట్టిస్తానమ్మా. ఇంతకంటే పెద్దది కుట్టిస్తాను. అది ఇచ్చేయండి.”

“ఒక గుడ్డముక్క కోసం ఇంత ఏడుపా? పాసయ్యారు, ఇంటికెళ్ళి మిఠాయి తినండి.”

అందరూ నవ్వారు. నేను మొక్కుకున్న మాట ఆ కవరులో ఉండిపోయింది.

కార్డు ఇంటికి వచ్చింది. నా ఫోటో, దాని కింద సంఘం గుర్తు. మా అమ్మాయి ఫోటో తీసి మొగుడికి పంపింది. వదిన సందంతా తిప్పి చూపించింది. నేను దాన్ని బియ్యం డబ్బా వెనక పెట్టాను. నాకు అది కనబడితే ఆ ముక్క కనబడేది. ఎవరైనా దాన్ని పసిపిల్ల కింద పరిచారేమో. ఎవరికైనా ఇచ్చేశారేమో. ఆ ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్ళు ఉన్నారేమో. లేదా మాట తప్పాను కాబట్టి దాని చెడు తిరిగి నా ఇంటికే వస్తుందేమో.

ఇంకా రోజులు ఉండగానే ఒక మధ్యాహ్నం మా అమ్మాయి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోయాం. లోపలికి తీసుకుపోయి తలుపు వేసేశారు. అల్లుడు డ్యూటీ నుంచి ఇంకా రాలేదు. తలుపు వెనక నుంచి అది అమ్మా అనడం వినబడింది, తరువాత అదీ వినబడలేదు. వినబడకపోవడం ఇంకా భయం. నేను వదిన చెయ్యి పట్టుకున్నాను.

“ఒదినా, ఇంటికెళ్ళి బియ్యం డబ్బా ఎనకాల కార్డుంది, తీసుకుని ఆ సంఘం ఆఫీసుకి ఎల్లు. కార్డు ఆళ్ళకిచ్చెయ్యి. సబ్యత్వం వద్దని సెప్పు. ఆ ముక్క తెచ్చెయ్యి.”

“పిచ్చా నీకు? అంత కష్టపడి...”

“తెచ్చెయ్యి ఒదినా. నీ కాళ్ళు పట్టుకుంటాను.”

వదిన నా మొహం చూసింది. చెప్పులు ఈడ్చుకుంటూ పరుగెత్తింది.

ఆమె వెళ్ళాక నేను బల్ల మీద కూర్చుని తలుపు కింద సందును చూస్తూ ఉన్నాను. అటూ ఇటూ తిరిగే కాళ్ళు కనబడేవి. ఒకసారి ఆ కాళ్ళు పరుగెత్తాయి. నా నోట్లో దేవుడి పేరు కూడా రాలేదు. చివరికి ఒక నర్సు బయటకు వచ్చింది, బేటీ హుయీ హై, ఆడపిల్ల పుట్టింది అంది. తల్లి బాగానే ఉంది, బిడ్డ మరీ చిన్నది, కొన్నాళ్ళు వెచ్చటి పెట్టెలో పెట్టాలి అంది. చూపించింది. నా అరచేతంత మొహం. పొట్ట పైకీ కిందకీ ఆడుతోంది. ఆ ఆడడమే చూస్తూ నిలబడ్డాను, నేను చూపు తిప్పితే ఆగిపోతుందేమోనని.

వదిన వచ్చేసరికి పొద్దు వాలింది. చేతిలో కార్డు అలాగే ఉంది, ముక్క లేదు.

“ఆ కళ్ళజోడు మేడమ్మే ఉంది. నానేటి సెప్పినా అర్తం కాలేదు ఆవిడికి. చివరికి మన పద్దతంతా ఇప్పి సెప్పీసాను. ముండమోసినాలు మొదటి కుట్టు ఎయ్యకూడదు, పురిటికొచ్చిన పిల్ల ఆసుపత్రి లోపల ఉంది, అని. ఆవిడ కళ్ళజోడు తీసీసింది. అప్పుడు గోడ సూపించింది. నీ ముక్కని అద్దం కట్టి గోడకెట్టేసారే! ఎవులూ కప్పుకోరు, ఎవులి కిందా పరవరు, మీ ఒదినకి సెప్పు అంది. కార్డు నా సేతిలోనే పెట్టీసింది.”

అద్దం వెనక ఉంటే ఎవరి మీదా పడదు. అంతవరకు ఊపిరి వచ్చింది. కానీ నా మీద కూడా పడదు కదా, నేనే కప్పుకుంటానని మొక్కుకున్నాను కదా. ఈ మాట వదినకు చెప్పలేదు. పాపం, అలసిపోయింది.

మనవరాలు పెట్టెలోంచి బయటకు వచ్చింది, ఇంటికి వచ్చింది. ఇప్పుడు పాలు బాగా తాగుతోంది. దాని బొంత వదినే మొదలుపెట్టింది. ఆ బొంత మీద సంఘం గుర్తు కుట్టలేదు, కుట్టకూడదు. మేళాకు తీసుకుపోయేవి మాత్రం నడిమి వరుస నుంచీ నేనే. “నన్ను రిటైర్ సేసీసావు, పింఛనీ ఏదీ?” అని వదిన గోడ అవతలి నుంచి అరుస్తుంది. సూది దింపే ముందు ప్రతిసారీ అదే భయం. అలవాటవుతుందని అనుకున్నాను. కాలేదు.

చలికాలం మేళాలో నాకు నిజంగానే చోటు ఇచ్చారు. తలపైన గుడ్డ పందిరి, ముందు బల్ల, బల్ల మీద గుర్తు కుట్టిన నా బొంతలు. ఎవరూ లేవమనలేదు. లారీ చప్పుడు వినబడనంత లోపల ఉంది. మొదటి రోజు పొద్దున్నే ఒక అమ్మాయి వచ్చింది. పక్క పేట కోహ్కా నుంచి వచ్చిందట, మన తెలుగువాళ్ళే. చీర కుచ్చిళ్ళు పైకి కట్టుకుంది, నిండు నెలలు. ఎర్ర అంచు బొంతను చెంపకు ఆనించుకుంది.

“ఆంటీ, ఇది మొత్తం మీ చేతి పనేనా?” అని గుర్తు చూపించి అడిగింది.

అవునంటే చాలు. బేరం అయిపోయేది. మొదటి బోణీ.

“అవును తల్లీ. మొదటి కుట్టు నుంచీ నాదే,” అన్నాను. నోరు ఊరుకోలేదు. “నాకు మా ఆయన లేడమ్మా. నువ్వు వట్టి మనిషివి కాదు. నీకిది వద్దు.”

ఆ అమ్మాయి నా మొహం చూసింది, బోసి నుదురు చూసింది. చదువుకున్న పిల్ల, నవ్వి కొట్టిపారేస్తుందనుకున్నాను. నవ్వలేదు. బొంతను మెల్లగా బల్ల మీద పెట్టింది, అంచు సరిచేసింది, ఇంకో చెయ్యి తనకు తెలియకుండానే పొట్ట మీదకు పోయింది. “మళ్ళీ వస్తాను ఆంటీ,” అని పక్క దుకాణానికి పోయింది.

పక్కన కుండలమ్మే ఆవిడ, “అరే దీదీ, వచ్చిన గిరాకీని తరిమేస్తావా?” అని తిట్టింది. తిట్టనీ. ఆ అమ్మాయి జనంలో కలిసేదాకా చూసి, అప్పుడు గాలి పీల్చుకున్నాను.

తరువాత మావైపు ముసలాయన ఒకాయన వచ్చి అదే బొంతను తడిమాడు. ప్లాంటులో చేసి రిటైరైన మనిషిలా ఉన్నాడు, మఫ్లరు చుట్టుకున్నాడు.

“ఎవరికి తీసుకుంటున్నారు బాబూ?” అన్నాను.

“నాకే.”

“ఇంట్లో కోడళ్ళు, పసిపిల్లలు?”

“ఎవరూ లేరమ్మా.”

“మీరే కప్పుకుంటారా? ఎవరికీ ఇచ్చెయ్యరు కదా?”

ఆయనకు విసుగొచ్చింది. “సలి నాకే ఏస్తంది తల్లీ. ఇస్తావా, పొమ్మంటావా?”

ఇచ్చాను. మడత పెట్టి ఇస్తుంటే నా వేళ్ళు దాన్ని వెంటనే వదల్లేదు, ఆయనే లాక్కోవలసి వచ్చింది.